చీటీలో ఉన్న మాత్ర, షాపులో లేని మాత్ర

పోయిన కార్తీకంలో ఒక సోమవారం తెల్లవారకముందే యాగంటి చేరుకున్నాను. కొండలోంచి వచ్చి నంది నోటివెంట పుష్కరిణిలోకి పడే నీళ్ళు ఎండాకాలంలోనే చల్లగా ఉంటాయి, ఇక కార్తీకంలో కాలు పెడితే ఒళ్ళు ఝల్లుమంటుంది. స్నానం చేసినవాళ్ళంతా తడిబట్టలతో గజగజ వణుకుతూ మెట్లెక్కుతున్నారు. నా పక్క మెట్టు మీద కూర్చున్నావిడ మాత్రం కొంగుతో మెడ తుడుచుకుంటోంది. అవి స్నానం చేసిన నీళ్ళు కావు, చెమట. మొహం కందిపోయింది. తడితువ్వాలు మెడకు చుట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాల్లో ఆ సెగ దిగిపోయి, అదే మనిషి చలికి వణకడం మొదలుపెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇట్ల?" అని అడిగాను.

"నీకెట్ల తెలిసిందక్కా?" అంది ఆశ్చర్యంగా.

నాకు తెలియకపోవడమేముంది. పాతికేళ్ళుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. అంతకు మించి, ముప్పై తొమ్మిదో ఏట నాకు గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆ ఆవిర్లు ఎట్లా కమ్ముకొస్తాయో నా ఒంటికే తెలుసు.

ఆమెది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. ఇంట్లో వాళ్ళు విగ్రహాలు చెక్కుతారు, ఈమె వాటికి నునుపు పట్టే పని చేస్తుంది. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. ముప్పై మూడో ఏట సంచి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి రాత్రిళ్ళు నిద్ర లేదు, ఉన్నట్టుండి ఒళ్ళంతా మంటలు, కీళ్ళ నొప్పులు, అయినదానికీ కానిదానికీ ఏడుపు. నిరుడు నంద్యాలలో ఒక డాక్టరమ్మ రోజుకొక మాత్ర రాసిచ్చింది. నెల తిరక్కుండానే నిద్ర పట్టింది. "ఒక సంవత్సరం మనిషినైతినక్కా" అంది. రెండు నెలల నుంచి ఆ మాత్ర దొరకడం లేదు. "యాడ అడిగినా లేదంటాండారు. ఏ షాపులోనూ లేదు."

కొంగు ముడి విప్పి ఖాళీ స్ట్రిప్పు చూపించింది. షాపుల్లో చూపించడానికని దాచుకుంది. మాత్రలన్నీ అయిపోయేసరికి వెనక రేకు చిరిగిపోయి, మందు పేరు చివరి రెండు మూడు అక్షరాలూ, పక్కన 2 మి.గ్రా. అన్న అంకే మిగిలాయి. అది చూసి షాపువాడు ఏమి చెబుతాడు? పేరు పూర్తిగా లేని స్ట్రిప్పు పట్టుకుని ఆమె ఆళ్ళగడ్డ, నంద్యాల, బనగానపల్లె మూడు ఊళ్ళూ తిరిగింది.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ స్ట్రిప్పు గురించే. అది ఈస్ట్రోజెన్ అనే హార్మోను మాత్ర. ముట్లుడిగాక వాడే హార్మోను మందులు దొరకనప్పుడు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది చెబుతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఈ మందుకు కొరత రావడం మన ఒక్కచోటే కాదు. 2022 ఎండాకాలం ముందు బ్రిటన్‌లో చేతికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్లు షాపుల్లో మాయమైపోయింది. అంతకు ముందు ఏడాది టీవీలో ఒక కార్యక్రమం వచ్చాక, ఈ మందు అడిగే ఆడవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు, కంపెనీలు అందుకోలేకపోయాయి. ఒక మనిషికి మూడు నెలలకు మించి ఇవ్వొద్దని ప్రభుత్వం కట్టడి చేసింది. కొన్ని మందులకు బదులు ఫలానా మందు ఇవ్వొచ్చని ఫార్మసిస్టులకు అనుమతి ఇచ్చింది. ఆస్ట్రేలియాలోనూ ఈ మధ్య ఒంటికి అంటించుకునే పట్టీలకు ఇదే ఇబ్బంది వచ్చింది. అక్కడ ఆడవాళ్ళు అడిగారు, పత్రికలు రాశాయి, పార్లమెంటులో మాట్లాడారు.

మన దగ్గర కొరత వేరే రకం. ఇక్కడ మందు అయిపోవడం కాదు, అసలు తెప్పించడమే లేదు. షాపువాడు అమ్ముడుపోయేదే తెప్పిస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. శివరాత్రి ముందు మీరు ఏ చిన్న ఊళ్ళో అడిగినా నెలసరి వాయిదా వేసే మాత్రలు దొరుకుతాయి. పూజలకు, పెళ్ళిళ్ళకు, యాత్రలకు అందరూ అడుగుతారు కాబట్టి డబ్బాలు డబ్బాలు తెచ్చిపెడతారు. అండాశయాలు పోయిన మనిషికి కావలసిన ఈస్ట్రోజెన్ మాత్ర మాత్రం ఊరికొకరు, ఇద్దరు అడుగుతారు. ఆ ఇద్దరు కూడా ఒక నెల అడిగి, లేదంటే తలదించుకుని వెళ్ళిపోతారు. నేను పనిచేసిన చోట్ల ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా ఈ మాత్ర ఒక్క స్ట్రిప్పు కూడా పోలేదు. రాసిన చీటీ నా కిటికీ దాకా వస్తే కదా.

మరి అవసరమున్నవాళ్ళు తక్కువా? కాదు. ఇది చెప్పేటప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో దేశం మొత్తమ్మీద నూటికి సుమారు 3 మందికి గర్భసంచి తీసేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది, తెలంగాణలో 8 మంది. దేశంలోకెల్లా ఎక్కువ మన రెండు రాష్ట్రాల్లోనే. మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. ఆపరేషన్ అయినప్పటి వయసు చూస్తే ముప్పై నాలుగు, ముప్పై అయిదు చుట్టూ తిరుగుతుంది. ఆ వయసులో చాలామందికి పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు.

ఎందుకు చేయించుకున్నారని అడిగితే మన పల్లెల్లో మూడే మాటలు వినిపిస్తాయి. బ్లీడింగ్ ఎక్కువైంది, గడ్డలున్నాయన్నారు, తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. పత్తి తీతలో, మిరప కోతలో నెలకు నాలుగు రోజుల కూలి పోవడం ఎవరికి కుదురుతుంది? పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా సంచి ఎందుకు అన్న మాట ఇంట్లోనూ వింటాం. ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లా పల్లెల్లో ఈ ఆపరేషన్లయిన ఆడవాళ్ళ దగ్గరికి పోయి, ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించినవాళ్ళు డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి. అవసరం లేకుండా చేస్తున్నారని వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. చివరకు 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల కట్టడికి కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యాలని రాష్ట్రాలను ఆదేశించింది. ముందు ముందు చేయబోయేవాటికి ఇది మంచిదే. ఇప్పటికే అయిపోయినవాళ్ళ సంగతి ఎవరు చూస్తారు?

ఇక్కడొక ముఖ్యమైన విషయం. సంచి తీసినంత మాత్రాన హార్మోన్లు ఆగిపోవు. వాటిని తయారుచేసేది అండాశయాలు. అవి ఉంటే, ముట్టు రాకపోయినా ఒంట్లో ఈస్ట్రోజెన్ ఇంకా తయారవుతూనే ఉంటుంది, కాకపోతే కొందరిలో రెండు మూడేళ్ళు ముందుగా తగ్గిపోతుంది. రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం మర్నాడే ఆగిపోతుంది. మామూలుగా మన దేశంలో నలభై ఆరు, నలభై ఏడేళ్ళకు మెల్లమెల్లగా జరగాల్సింది, ముప్పై మూడో ఏట ఒక్క పూటలో జరిగిపోతుంది. ఒంట్లో సెగలు, నిద్ర లేకపోవడం మనకు తెలుస్తాయి. తెలియనిది ఎముక. యాగంటి బసవన్న పెరుగుతున్నాడని మనందరి నమ్మకం. ఒకప్పుడు ఆయన చుట్టూ తిరగడానికి చోటుండేదని పెద్దలంటారు, ఇప్పుడు లేదు. పెరగడం మాత్రం ఎవరూ కళ్ళారా చూడలేదు. ఎముక అరగడం కూడా అంతే, చేతికర్ర వచ్చేదాకా తెలియదు. అండాశయాలు పోయిన మొదటి కొన్నేళ్ళలోనే ఎముక వేగంగా పలచబడుతుంది, గుండె జబ్బు ముప్పూ పెరుగుతుంది. అందుకే నలభై అయిదేళ్ళ లోపు రెండు అండాశయాలూ పోయినవాళ్ళకు, వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని వైద్యులు చెబుతారు. ఇలాంటి మనిషికి ఇది సోకు మందు కాదు, ఒంట్లోంచి తీసేసినదాన్ని తిరిగి ఇవ్వడం.

మీది ఏ రకం ఆపరేషనో మీకు తెలుసా? నేను అడిగిన పది మందిలో తొమ్మిది మందికి తెలియదు. అది ఎక్కడ రాసి ఉంటుందో చెబుతాను. ఇంట్లో రేషన్ కార్డు, పాస్‌బుక్కులు పెట్టుకునే సంచిలోనో, ట్రంకుపెట్టెలోనో డిశ్చార్జి కాగితం ఉంటుంది. దాన్ని బయటికి తియ్యండి. ఇంగ్లీషు చదివే పిల్లల్ని పిలిచి, ఆపరేషన్ పేరు రాసిన చోటు చదవమనండి. టి.ఏ.హెచ్. అనో, టి.ఎల్.హెచ్. అనో, వి.హెచ్. అనో ఉంటుంది. అదంతా గర్భసంచి తీసిన సంగతి. దాని పక్కన కూడిక గుర్తు పెట్టి బి.ఎస్.ఓ. అని ఉందేమో చూడమనండి. ఆ మూడక్షరాలుంటే రెండు అండాశయాలూ తీసేసినట్టే. చివరి ఓ లేకుండా ఉత్త బి.ఎస్. అని ఉంటే గొట్టాలు మాత్రమే తీశారు, అండాశయాలున్నాయి. కాగితం పోయిందంటే దిగులు పడొద్దు. ముక్క పరీక్షకు పంపిన రిపోర్టులో ఉంటుంది, లేదా స్కానింగులో డాక్టరు చూసి చెబుతారు.

ఆ రోజు యాగంటిలో ఆమె అక్కడే ఫోన్ తీసి ఇంటికి చేసింది. కూతురు తొమ్మిదో తరగతి. పెట్టె తెరిచి కాగితం వెతికి, ఒక్కొక్క అక్షరం చదివింది. "బి... ఎస్... ఓ... అంతే ఉందిమా" అంది ఆ పిల్ల. అయిదేళ్ళుగా ఆ కాగితం ఆ ఇంట్లోనే ఉంది.

ఇక భయం సంగతి. ఈ మందు పేరెత్తగానే క్యాన్సర్ అంటారు. నేనూ ఆ భయంతోనే ఆపరేషన్ అయ్యాక మూడేళ్ళు వేసుకోలేదు, మందుల మధ్య బతికే మనిషినై ఉండి. ఆ మూడేళ్ళ నిద్ర నాకిక తిరిగి రాదు. ఈ భయం పుట్టింది 2002 జూలైలో. అమెరికాలో వేల మంది ఆడవాళ్ళ మీద జరిగిన పెద్ద పరిశీలనలో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అనే ఇంకో హార్మోను రెండూ కలిపి వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు, పక్షవాతం కాస్త ఎక్కువ కనిపించి ఆ భాగం మధ్యలో ఆపేశారు. ప్రపంచమంతా ఆ వార్త పాకింది. ఆ పరిశీలనలో చేరినవాళ్ళ సగటు వయసు 63 ఏళ్ళన్న మాట మాత్రం అంత దూరం పాకలేదు. సంచి లేనివాళ్ళకు ఒక్క ఈస్ట్రోజెనే ఇచ్చిన రెండో భాగాన్ని పక్షవాతం ముప్పు వల్ల 2004లో ఆపారు గానీ, అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. అరవై మూడేళ్ళ అవ్వ లెక్క తెచ్చి ముప్పై మూడేళ్ళ కోడలికి కట్టడం న్యాయం కాదు.

అట్లాగని అందరికీ పనికొచ్చే మందూ కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళు, పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్ళు, కాలేయం దెబ్బతిన్నవాళ్ళు, కారణం తెలియకుండా రక్తస్రావం అవుతున్నవాళ్ళు డాక్టరుతో తేల్చుకోకుండా ముట్టుకోకూడదు.

ఇప్పుడు మందు దొరకని రోజుల సంగతి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. నంద్యాల అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది, కొద్ది రోజుల్లోనే రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు మా జిల్లాలోనే వచ్చాయి. నా స్ట్రిప్పులో మిగిలినవి అయిదు మాత్రలు. ఆరో రోజు నుంచి పదిహేడు రోజులు మందు లేదు. వారం తిరిగేసరికి ఆవిర్లు మళ్ళీ మొదలయ్యాయి. మాస్కు కింద మొహం ఉడికిపోయేది. ఆ పదిహేడు రోజుల్లో నేను నేర్చుకున్నది ఏమిటంటే, కొద్ది రోజులు మాత్ర ఆగితే బాధ ఉంటుంది గానీ ప్రాణానికి ముప్పు రాదు. రెండు వారాల్లో ఎముకలు విరిగిపోవు. కాబట్టి కంగారుపడి చేతికందినది మింగొద్దు.

చేతికందినది అంటున్నానే, నా భయమంతా అక్కడే. ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలున్నాయి. అదీ హార్మోనే, ఇదీ హార్మోనే కదా అని పక్కింటి అమ్మాయి దగ్గర తీసుకుని వేసుకున్నవాళ్ళను నేను చూశాను. గర్భం రాకుండా వేసుకునే మాత్రలోని ఈస్ట్రోజెన్ రకం వేరు, దాని బలం వేరు. బీపీ ఉన్నవాళ్ళకు, నలభై దాటినవాళ్ళకు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. చిన్న వయసువాళ్ళకు డాక్టరే చూసి అది రాస్తే వేరే సంగతి. నెలసరి వాయిదా వేసే మాత్ర కూడా దీనికి బదులు కాదు, అందులో ఈస్ట్రోజెన్ ఉండదు. ఇంకొకటి, లోపల రాసుకునే ఎస్ట్రియోల్ క్రీము. పొడిబారడానికి, మాటిమాటికీ వచ్చే మూత్రం మంటకు అది చాలా బాగా పనిచేస్తుంది. మాత్ర దొరకడం లేదని దాన్ని వాడితే మాత్రం ఒంటి సెగలూ తగ్గవు, ఎముకా నిలవదు.

సంచి ఉన్నవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. మామూలుగా ముట్లుడిగి, సంచి అలాగే ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టోజెన్ కూడా రాస్తారు. సంచి లోపలి పొర మందంగా పెరిగి క్యాన్సర్‌గా మారకుండా అది కాపాడుతుంది. షాపులో రెండో మందు దొరకలేదని మొదటిదొక్కటే నెలల తరబడి వాడొద్దు. రెండూ ఆపి, డాక్టరుకు ఫోన్ చెయ్యండి. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా పరీక్ష చేయించుకోవాల్సిందే, మందు వాడుతున్నా, వాడకపోయినా.

మరి మందు దొరికేదెట్లా? కంపెనీ పేరు పట్టుకుని తిరగొద్దు, మందు పేరు పట్టుకోండి. ఆమె మాత్ర పేరు ఎస్ట్రాడయోల్ వాలరేట్. అదే మందును వేరే కంపెనీలు వేరే పేర్లతో చేస్తాయి. డాక్టరుతో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఆ రకం బొత్తిగా లేకపోతే కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్ ఉంది, చేతికి రాసుకునే జెల్లు ఉంది, టిబోలోన్ అనే ఇంకో మాత్ర ఉంది. ఒకదాని కొలత ఇంకొకదానికి సరిపోదు, అది డాక్టరే మార్చి రాయాలి. హార్మోను పడనివాళ్ళకు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి వేరే జబ్బుల మందులే చిన్న మోతాదులో ఆవిర్లను తగ్గిస్తాయి, అదీ డాక్టరు రాస్తేనే. నంద్యాలలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కొత్త చీటీ రాయించుకోవడానికి కర్నూలు దాకా పోనక్కర్లేదు.

స్ట్రిప్పు సంగతి కూడా చెబుతాను. మాత్రలు పేరు లేని వైపు నుంచి చింపుకుంటూ రండి. లేదంటే కొత్త స్ట్రిప్పు తెచ్చిన రోజే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పన్నెండు, పదిహేను మాత్రలు మిగిలుండగానే షాపులో చెప్పండి. అయిపోయిన రోజు పోతే షాపువాడు కూడా ఏం చేయలేడు, అతనికి సరుకు నంద్యాల నుంచో కర్నూలు నుంచో రావాలి. దొరికింది కదా అని ఆరు నెలలకు సరిపడా కొనేయకండి. మీలాంటి ఇంకొకామె ఖాళీ చేతులతో వెనక్కి పోతుంది.

మందు వచ్చేదాకా ఇంట్లో చేయగలిగింది లేకపోలేదు. రాత్రి పడుకునే ముందు కాఫీ, టీ మానెయ్యండి. పలచటి నూలు బట్టలు కట్టుకోండి, తడిగుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోండి. మన రాగిసంకటి ఊరికే కడుపు నింపేది కాదు. రాగుల్లో నూరు గ్రాములకు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పొద్దున ఎండలో నడిస్తే ఎముకకు మంచిది. సంకటి తింటే హార్మోను వస్తుందని మాత్రం నేను చెప్పను. ఎముకకు ఇటుకలు తెచ్చినంత మాత్రాన మేస్త్రీ వచ్చినట్టు కాదు. ఇంట్లో మగవాళ్ళు వింటుంటే ఒక్క మాట. ఆమె చిరచిరలాడుతోందని మీరు అనుకునే ఆ రాత్రి, ఆమె మూడోసారి చెమటతో తడిసి లేచి కూర్చుని ఉంటుంది. ఫ్యాను ఆమె వైపు తిప్పండి.

యాగంటి నుంచి తిరిగి వస్తూ నేను, ఆమె బనగానపల్లెలో ఒక మందుల షాపు దగ్గర దిగాం. ఒక్క మనిషి కోసం తెప్పిస్తే మిగిలిన స్ట్రిప్పులు గడువు దాటిపోతాయి, నష్టం నాది అన్నాడు అతను. నిజమే. మరి నలుగురు ప్రతి నెలా తీసుకుంటే తెస్తావా అని అడిగాను. తెస్తానన్నాడు. నలుగురిని వెతకడం కష్టం కాలేదు. ఒకామె మా ఆరోగ్య కేంద్రం ఆశా కార్యకర్త అక్క. ఇంకొకామె నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఇద్దరి కాగితాల్లోనూ ఆ మూడక్షరాలున్నాయి. ఇద్దరూ నంద్యాల పోయి పరీక్షలు చేయించుకుని, చీటీలు రాయించుకొచ్చారు. మూడో చీటీ నాది, నాలుగోది ఆళ్ళగడ్డ ఆమెది. షాపతను ఆర్డర్ల పుస్తకంలో కొత్త గీత గీసి, మందు పేరు మా ఎదురుగానే రాసుకున్నాడు.

పోయిన సోమవారం ఆమె ఫోన్ చేసింది. స్ట్రిప్పులో ఇంకా పన్నెండు మాత్రలున్నాయట. వచ్చే నెలకు చెప్పి వచ్చానక్కా అంది.